బురదలో బుల్లి ఇళ్లు

శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో పాత మత్స్యకార పల్లెలకు వెళితే అక్కడక్కడా చుట్టిళ్లు ఇంకా కనిపిస్తాయి. గుండ్రటి మట్టిగోడ. దాని మీద గొడుగులాంటి తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే, లోపలికి వెళ్లాలంటే ఇంటాయనైనా నడుం వంచాల్సిందే. అదే అనంతపురం వైపు వెళ్లండి. పాత ఇళ్లకు చూరే కనిపించదు. మట్టి మిద్దె, చదునైన కప్పు. దాని మీద వేరుశనక్కాయలు ఎండబోసుకోవచ్చు. ఈ రెండిళ్ల ఫొటోలూ పక్కపక్కన పెట్టి అడిగితే ఏడో తరగతి పిల్లాడు కూడా చెప్పేస్తాడు... ఇది గాలివానల ఊరు, అది వాన కోసం ఎదురుచూసే ఊరు అని. ఇంటాయన ఎవరో, ఇంటిపేరేమిటో తెలియక్కర్లేదు. కట్టుబడి చూస్తే చాలు.

సరిగ్గా ఇదే పని సముద్రం అడుగున చేస్తున్నారు శాస్త్రవేత్తలు. అక్కడా ఇళ్లున్నాయి. కాకపోతే ఒక్కోటీ ఇసుకరేణువంత!

ఆ ఇళ్లలో కాపురముండే జీవి పేరు ఫొరామినిఫెరా. నోరు తిరగని పేరే. రంధ్రాలు ఉన్నది అని దానర్థం. ఒకే ఒక్క కణం. కళ్లు లేవు, మెదడు లేదు. అయినా ఇల్లు కట్టడంలో దాని ముందు మేస్త్రీలు దిగదుడుపే. కొన్ని జాతులు సముద్రపు నీటిలోంచి సున్నం లాగి గోడలు పోసుకుంటాయి. మరికొన్ని చుట్టూ ఉన్న ఇసుక నలుసుల్ని ఏరుకొచ్చి ఒకదానికొకటి అతికించుకుంటాయి. పెరిగేకొద్దీ ఉన్న గది చాలదు. అప్పుడు పక్కన ఇంకో గది, దాని పక్కన మరోటి. కొన్ని జిలేబీలా చుట్టుకుంటాయి. కొన్ని జడ అల్లినట్టు పొడుగ్గా పెరుగుతాయి. ఇంట్లోంచి సన్నటి దారాల్లాంటి పోగుల్ని వలలా బయటికి చాపి, దొరికిన నాచునూ బ్యాక్టీరియానూ లోపలికి లాక్కుని తినేస్తుంది ఆ జీవి. చచ్చిపోయాక ఇల్లు మాత్రం మిగులుతుంది. దాని మీద బురద పడుతుంది. ఆ బురద మీద ఇంకో తరం ఇళ్లు. అలా కోట్ల ఏళ్లుగా పొరలు పేరుకుంటూనే ఉన్నాయి.

చాలావాటి సైజు అర మిల్లీమీటరు లోపే. అలాగని అన్నీ అంత చిన్నవీ కావు. ఈజిప్టులో గీజా పిరమిడ్లు కట్టిన సున్నపురాయి నిండా నమ్యులైట్స్ అనే పాతకాలపు ఫొరామినిఫెరా గుల్లలే. నాణేల్లా గుండ్రంగా ఉంటాయి. పిరమిడ్లు కట్టిన కూలీలు తినగా మిగిలిన పప్పుగింజలే రాళ్లయిపోయాయని అక్కడివాళ్లు చెప్పుకునేవారట. రెండు వేల ఏళ్ల కిందట ఆ దారిన వెళ్లిన గ్రీకు యాత్రికుడు స్ట్రాబో ఆ మాట రాసిపెట్టాడు. శాస్త్రవేత్తలేమీ తక్కువ తినలేదు. 1826లో వీటికి ఫొరామినిఫెరా అని పేరు పెట్టిన ఫ్రెంచి పండితుడు డోర్బిన్యీ, ఇవి ఆక్టోపస్ చుట్టాలనుకున్నాడు! అదేం కాదు, లోపలున్నది ఒంటికణం జీవి అని 1835లో మరో ఫ్రెంచాయన దుజార్దాన్ తేల్చాడు.

పేరు కాదు... పనేమిటో చెప్పు

చాలాకాలం వీటి చదువంతా పేర్ల చదువే. 1872 నుంచి 1876 దాకా సముద్రాలు చుట్టొచ్చిన బ్రిటన్ నౌక ఛాలెంజర్ అడుగు బురదను తవ్వి తెచ్చింది. అందులోని ఫొరామినిఫెరాను వర్ణిస్తూ హెన్రీ బ్రాడీ 1884లో పెద్ద గ్రంథమే అచ్చు వేయించాడు. అందులో చిత్రాల పలకలే 115. ఆ చిత్రాలను ఇవాళ్టికీ తిరగేస్తుంటారు. పేరు లేనిదే ఏ పనీ మొదలవ్వదు, నిజమే. కానీ పేర్లతోనే పని ముగించాలంటే చిక్కులున్నాయి. ఒక సముద్రంలో ఉన్న జాతి ఇంకో సముద్రంలో ఉండదు. ఇవాళ ఉన్నది 5 కోట్ల ఏళ్ల కిందట లేదు. పైగా ఒకే జాతి అనుకున్నది డీఎన్ఏ పరీక్ష చేసేసరికి నాలుగైదు జాతులుగా విడిపోతోంది. అలాంటప్పుడు గోవా బురదకూ అమెరికా బురదకూ పోలిక పెట్టేదెలా?

అందుకే పేరు పక్కనబెట్టి లక్షణాలు అడగడం మొదలుపెట్టారు. ఎక్కడ ఉంటావు... బురద పైనా, లోపలా? గోడ దేంతో కట్టావు? గుండ్రంగా ఉంటావా, పొడుగ్గానా? కదులుతావా, ఒకచోట అతుక్కుపోతావా? తిండేమిటి? ఇల్లు నున్నగా ఉందా, జల్లెడలా రంధ్రాలున్నాయా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో జాతికి మార్కులు వేస్తారు. కాస్త అటూ ఇటూ ఉండే జాతులకు మార్కులు పంచుతారు కూడా. పైన రెండు, లోపల ఒకటి... అలాగన్నమాట. అప్పుడు ఏ సముద్రం బురదైనా ఒకే లెక్కలోకి వస్తుంది. ఊళ్లో ఎన్ని ఇంటిపేర్లున్నాయో కాకుండా నేతగాళ్లెందరు, రైతులెందరు, వలసపోయినవాళ్లెందరు అని జనాభా లెక్క రాసుకోవడం లాంటిదే ఇది.

ఇంటి రూపానికీ కాపురానికీ లంకె ఉందని గట్టిగా చూపించినవాడు బ్రూస్ కార్లిస్. 1985లో అట్లాంటిక్ లోతుల్లోని బురదను పైనుంచి కిందికి పొరలుగా కోసి చూశాడాయన. అప్పటిదాకా ఇవన్నీ బురద మీదే ఉంటాయని చాలామంది అనుకునేవారు. తీరా చూస్తే, అడుగున కొన్ని సెంటీమీటర్ల లోతులోనూ బతికున్నవి దొరికాయి. పైనుండేవాటికీ లోపలుండేవాటికీ రూపంలో తేడా ఉంది. పైన ఉండేవి చాలావరకు ఒక పక్క చదునుగా, ఇంకో పక్క ఉబ్బుగా, బోర్లించిన మూకుడులా ఉన్నాయి. వాటికి రంధ్రాలు ఉంటే ఒక పక్కనే, లేకుంటే అసలే లేవు. లోపలుండేవి పొడుగ్గానో గుండ్రంగానో ఉండి, ఒళ్లంతా రంధ్రాలు.

రంధ్రాలెందుకు? కిటికీలనుకోవచ్చు. కణంలో శ్వాస పని చూసే మైటోకాండ్రియాలు కొన్ని జాతుల్లో సరిగ్గా ఈ రంధ్రాల వెనకే గుమిగూడి ఉండటం మైక్రోస్కోపులో చూశారు. బురదలో లోతుకు పోయేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. గాలాడని ఇంటికి కిటికీలెక్కువ పెట్టుకోవడంలో వింతేముంది! వింత వేరే ఉంది. 2006లో స్వీడన్ తీరాన గుల్‌మార్ అనే ఇరుకు సముద్రపు పాయలో బురద తీసి పరీక్షిస్తే, గ్లోబోబులిమినా అనే ఫొరామినిఫెరా ఆక్సిజన్ లేనిచోట నైట్రేటుతో శ్వాసిస్తోందని తేలింది. బ్యాక్టీరియాకే చేతనవుననుకున్న విద్య అది. పైగా ఆ నైట్రేటును ఒంట్లోనే నిల్వ చేసుకుంటోంది... ఎండాకాలంలో కొళాయి వచ్చినప్పుడే డ్రమ్ములు నింపుకున్నట్టు.

గోడ దేంతో కట్టిందన్నదీ చిన్న సంగతేం కాదు. గాల్లో పెరుగుతున్న కార్బన్ డయాక్సైడును సముద్రం పీల్చుకుంటోంది. నీళ్లు మెల్లగా ఆమ్లం వైపు జరుగుతున్నాయి. సున్నపు ఇంటికి ఆమ్లం గిట్టదు. పపువా న్యూగినీ తీరంలో సముద్రం అడుగునుంచి ఆ వాయువు సహజంగానే బుడగలు బుడగలుగా వచ్చే చోట్లున్నాయి. రేపటి సముద్రం ఎలా ఉంటుందో చూపించే నమూనాలు అవి. అక్కడ బుడగల దగ్గరికి వెళ్లేకొద్దీ ఫొరామినిఫెరా జాతులు తగ్గిపోతూ వచ్చి, పీహెచ్ 7.9 కంటే పడిపోయిన చోట దాదాపుగా కనిపించకుండా పోయాయని 2013లో ప్రచురించారు. 5 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భూమి ఉన్నట్టుండి వేడెక్కినప్పుడూ లోతు సముద్రపు ఫొరామినిఫెరాలో మూడో వంతుకు పైగా జాతులు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ సంగతి కూడా బురదే చెప్పింది.

నేరం ఎవరిది?

ఇదంతా బాగానే ఉంది, దీంతో ఒరిగేదేమిటి అంటారా? అమెరికాలోని లూసియానా రాష్ట్రం సంగతి వినాలి.

మిసిసిపీ నది గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కలిసేది అక్కడే. రొయ్యల వేటకు పేరుపడ్డ తీరం. ఏటా ఎండాకాలంలో ఆ తీరం వెంట అడుగునీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములకంటే తగ్గిందంటే చేపలూ రొయ్యలూ పారిపోతాయి. పారిపోలేనివి చచ్చిపోతాయి. దాన్నే డెడ్ జోన్ అంటారు. నాన్సీ రబలాయిస్ బృందం 1985 నుంచి ఏటా వేసవిలో నౌకలో తిరిగి దాన్ని కొలవడం మొదలుపెట్టింది. 2017లో అది 22,720 చదరపు కిలోమీటర్లు. ఇప్పటిదాకా కొలిచినవాటిలో అదే పెద్దది.

కారణం ఏమిటన్నది పైకి తేలికే. దేశంలో ఐదింట రెండొంతుల నేల మీది నీరు మిసిసిపీలోకే చేరుతుంది. మొక్కజొన్న చేలలో చల్లిన నత్రజని ఎరువు ఆ నీటితోబాటే కిందికి కొట్టుకొస్తుంది. ఎరువు తిన్న నాచు సముద్రంలో గుబురుగా పెరుగుతుంది, చస్తుంది, అడుక్కి పడుతుంది. దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా అడుగునీటి ఆక్సిజన్ అంతా వాడేస్తుంది. పైన తేలికైన నదినీళ్లు మూతలా పరుచుకుని ఉంటాయి గనక గాలి కిందికి దిగదు.

అయితే ఎక్కడో వెయ్యి మైళ్ల ఎగువన ఉన్న రైతు ఈ మాట ఎందుకొప్పుకుంటాడు? ఇది ఎప్పుడూ ఉన్నదే, నది ఉన్నప్పటినుంచీ ఉంది, మా ఎరువు మీద ఎందుకు పడతారు అంటే జవాబేదీ? కొలతలు చూస్తే 1985 నుంచే ఉన్నాయి. అంతకుముందు అడుగునీట్లో ఆక్సిజన్ ఎంతుందో ఎవరు చూడబోయారు?

చూసినవాళ్లు ఉన్నారు. బురదలో ఉన్నారు.

లూసియానా స్టేట్ యూనివర్సిటీలో బరుణ్ సేన్‌గుప్తా అనే ఆచార్యుడుండేవారు. పేరు చూస్తేనే తెలుస్తుంది, మన బెంగాలీ. ఫొరామినిఫెరా మీద ఆయన సంపాదకత్వంలో వచ్చిన పుస్తకం ఈ చదువు చదివేవాళ్లందరికీ పాఠ్యపుస్తకం. యూజీన్ టర్నర్, రబలాయిస్‌లతో కలిసి ఆయన ఆ తీరపు బురదలోకి గొట్టాలు దింపి నిలువునా తీసిన మట్టిని పరీక్షించారు. ఇలా తీసిన బురదను సన్నటి బిళ్లలుగా కోస్తారు. ఏ బిళ్ల ఏ కాలానిదో సీసం-210 అనే రేడియోధార్మిక పదార్థంతో లెక్కగడతారు. అది 22 ఏళ్లకొకసారి సగమవుతూ పోతుంది గనక, ఎంత మిగిలిందో చూస్తే వయసు తెలుస్తుంది. ఆ బిళ్లను సన్నటి జల్లెడలో కడిగి, మిగిలిన ఇసుకను పళ్లెంలో పరిచి, మైక్రోస్కోపు కింద తడి కుంచె మొనతో ఒక్కో గుల్లా ఏరాలి. బియ్యంలో రాళ్లు ఏరడం దీనికంటే వెయ్యి రెట్లు నయం. మామూలుగా బిళ్లకు 300 గుల్లలైనా ఏరితేగాని లెక్కకు నిలవదంటారు. మెడలు పట్టేసే పని. నౌకలూ ఉపగ్రహాలూ ఫొటోల్లోకి ఎక్కుతాయి గానీ, ఈ శాస్త్రం నిలిచింది ఈ కుంచె మొన మీదే.

ఆ తీరంలో రెండు రకాల గుల్లలు ఎక్కువ. ఒకటి అమోనియా. ముక్కు బద్దలయ్యే వాయువు కాదు, జీవి పేరే అది. రెండోది ఎల్ఫిడియం. ఆక్సిజన్ తగ్గినా మొదటిది ఎలాగోలా సర్దుకుంటుంది. రెండోదానికి అంత ఓర్పు లేదు. కాబట్టి ఈ రెండింటి నిష్పత్తి చూస్తే ఆ ఏడు నీళ్లలో ఊపిరాడిందో లేదో తెలుస్తుంది. కింది పొరల నుంచి పైకి వచ్చేకొద్దీ అమోనియా వాటా పెరుగుతూ వచ్చింది. ముఖ్యంగా ఆఖరి వందేళ్లలో. అందులోనూ ఎరువుల వాడకం ఊపందుకున్న 1950ల తర్వాత.

మూడో సాక్షి ఇంకా గట్టిది. క్వింక్వెలోక్యులినా. తెల్లటి పింగాణీలాంటి గోడ, దానికి రంధ్రాలుండవు. కిటికీలు లేని ఇల్లన్నమాట. ఇలాంటి ఇళ్లవాళ్లు సాధారణంగా గాలాడే నీళ్లలోనే కనబడతారు. 1700 నుంచి 1900 దాకా ఉన్న పొరల్లో అవి దండిగా ఉన్నాయి. ఆ తర్వాత లేవు! అంటే ఆ రెండు వందల ఏళ్లూ అడుగునీట్లో ఊపిరాడింది. నది అప్పుడూ ఉంది. మారింది నది ఒడ్డున మనుషులు చేసే పని. మొదట అడవులు కొట్టి చేలు చేయడం, తర్వాత ఎరువు.

అలా ఏ దస్తావేజూ లేని తగువులో బురద వచ్చి సాక్ష్యం చెప్పింది. 2001లో ప్రభుత్వ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. డెడ్ జోన్‌ను 5,000 చదరపు కిలోమీటర్లకు కుదించాలన్నది లక్ష్యం. మొదట 2015కల్లా అన్నారు, తర్వాత గడువును 2035కు జరిపారు. కారణం తెలియడం వేరు, ఎరువు బస్తా తగ్గించడం వేరు.

సాక్షి తడబడే చోట్లు

ఈ సాక్షిని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదని ఆ రంగంవాళ్లే అంటారు. ఆకారం చూసి ఏది బురద పైనుండేదో, ఏది లోపలుండేదో చెబితే నూటికి 75 సార్లే సరిపోతుందని 1993లో ఒక లెక్క వేశారు. పావు వంతు తప్పంటే తక్కువేం కాదు. పైగా ఇవి ఇల్లు మోసుకుని తిరుగుతాయి. ఆక్సిజన్ తగ్గితే లోతులోది పైకి పాకి వస్తుంది. ఇక ఏది బతికున్నది, ఏది ఖాళీ గుల్ల అని తేల్చడానికి రోజ్ బెంగాల్ అనే గులాబీ రంగు వేస్తారు. లోపల జీవముంటే రంగు పట్టుకుంటుంది. కానీ చచ్చిన వెంటనే ఒళ్లు కుళ్లిపోదు కదా... అదీ రంగు పట్టేస్తుంది. అందుకే ఒక్క లక్షణం చూసి తీర్పు చెప్పకుండా, పదీ పదిహేను లక్షణాలు కలిపి చూడాలంటున్నారు ఇప్పుడు.

మన తీరంలో

లూసియానాలో వచ్చిన ప్రశ్నే మన దేశపు పడమటి తీరానికీ ఉంది. ఏటా నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం లోపలి నుంచి ఆక్సిజన్ తక్కువున్న నీరు తీరం మీదికి ఎక్కుతుంది. పైన వాననీరు మూతేస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గోవా, కార్వార్ వైపు అడుగునీటికి ఊపిరి ఆడదు. ఇది సహజంగా జరిగేదే. కాకపోతే అది ముదురుతోందనీ, మన ఎరువులకూ అందులో వాటా ఉండొచ్చనీ గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన నఖ్వీ బృందం 2000లోనే రాసింది. సహజమెంత, మనిషి చేసిందెంత? మళ్లీ పాత పొరలే అడగాలి.

అదే సంస్థలో రాజీవ్ నిగమ్ ఫొరామినిఫెరాను వానల లెక్క కోసం వాడిన తీరు చదివితే ముచ్చటేస్తుంది. కర్ణాటకలో కాళీ నది కలిసే కార్వార్ దగ్గర రొటాలిడియం అనే గుల్లలు దొరుకుతాయి. ఏ ఫొరామినిఫెరా ఇంటికైనా మొదట ఒక్క గదే ఉంటుంది. గుడికి గర్భాలయంలాగా. తర్వాతి మండపాలన్నీ దాని చుట్టూ కట్టుకొచ్చినవే. ఆ మొదటి గది కొన్నింటిలో పెద్దది, కొన్నింటిలో చిన్నది. ఆ జీవి ఆడామగా కలయికతో పుట్టిందా, తల్లి ఒంటరిగా విడిపోతే పుట్టిందా అన్నదాన్నిబట్టి ఆ తేడా. వానలు బాగా పడి నదినీరు ఎక్కువ వచ్చిన కాలానికీ, రాని కాలానికీ ఆ పుట్టుకల పాళ్లు మారతాయి. మొదటి గది సగటు సైజూ మారుతుంది. పొరపొరకూ ఆ సగటు కొలుచుకుంటూ వెళ్లి, కరువులు సుమారు 77 ఏళ్లకోసారి తిరిగి వస్తున్నాయేమోనని నిగమ్ బృందం 1995లో రాసింది. వానమాపకాల లెక్కలు లేని కాలానికి ఒక ఒంటికణం జీవి పురిటిగది వానమాపకమైంది!

తూర్పు తీరమూ ఈ చదువుకు కొత్తది కాదు. విశాఖకు దక్షిణాన పెంటకోట దగ్గరి సముద్రంలో ఏమేం ఫొరామినిఫెరా ఉన్నాయో ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 1970లోనే అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. అప్పట్లో అది పేర్ల జాబితా. ఇవాళ ఒక్కో పేరు పక్కన దాని లక్షణాలు రాసుకుంటే అదే జాబితా అర్ధశతాబ్దం కిందటి సముద్రం స్థితి చెప్పే కొలమానం అవుతుంది. బంగాళాఖాతం లోపలి నీళ్లలో కూడా కొన్ని లోతుల్లో ఆక్సిజన్ ఉందా లేదా అన్నంత కొద్దిగా మిగిలిందని 2017లో బయటపడింది. ఆ పాత జాబితాల అవసరం పెరుగుతోందే గానీ తగ్గట్లేదు.

నౌకలూ ప్రయోగశాలలూ లేకపోయినా ఈ ఇళ్లను చూడొచ్చు. ఈసారి పిల్లలతో బీచ్‌కు వెళ్లినప్పుడు, అల వెనక్కి పోతూ తేలికైన తెల్లటి నలుసుల్ని వదిలే గీత ఉంటుంది చూడండి, అక్కడ రెండు చెంచాల ఇసుక తీసి పొట్లం కట్టుకోండి. ఇంటికొచ్చి మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నల్ల కాగితం మీద పల్చగా చల్లండి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం చాలు. అన్ని పొట్లాల్లో దొరుకుతాయని కాదు, ఓపిక కావాలి. జిలేబీలా చుట్టుకున్న తెల్లటి నలుసు కనబడితే గదులు లెక్కపెట్టండి. నట్టనడుమ ఉండేది మొదటి గది.